నడిబజారు నిలబడాలంటే

నారాయణఖేడ్ బజారులో కాసేపు నిలబడితే చాలు, నాలుగైదు భాషలు చెవిన పడతాయి. తెలుగులో మొదలైన బేరం ఉర్దూలో సాగుతుంది, పక్క దుకాణంలో కన్నడంలోనో మరాఠీలోనో తెగుతుంది. లంబాడీ ఆడవాళ్లు గోర్ బోలీలో మాట్లాడుకుంటూ గాజుల కొట్టు ముందు ఆగుతారు. సంగారెడ్డి జిల్లాకు పడమటి కొసన, బీదర్‌కు దగ్గరగా ఉన్న ఊరు ఇది. కంగ్టి, మనూర్, కల్హేర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద మండలాల పల్లెలకూ తండాలకూ పెద్దంగడి ఇదే. కందులు, పత్తి, సోయా అమ్మిన పైసలతో ఎరువు బస్తాలు, పిల్లల బట్టలు, పెళ్లి సామాను కొనడానికి జనం ఇక్కడికే వస్తారు. డాక్టరుకు చూపించుకోవాలన్నా, ఆఫీసులో కాగితం పని ఉన్నా ఈ బజారు దాటే పోవాలి.

2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2018లో గ్రామపంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. నిజాంపేట నుంచి ఊరి మీదుగా బీదర్ వెళ్లే దారికి 161బి అనే జాతీయ రహదారి హోదా దక్కింది. పెద్ద పల్లె పట్నంగా మారుతున్న కాలం ఇది. నడిబజారు గురించి ఆలోచించవలసిన కాలం కూడా ఇదే. బజారు ఖాళీ అయ్యాక దాన్ని మళ్లీ నింపడం ఎంత కష్టమో చాలా ఊళ్లు చవిచూశాయి. కొన్ని ఊళ్లు మాత్రం జనం, వ్యాపారులు, మున్సిపాలిటీ కలిసి కూర్చోవడం వల్ల పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నాయి. వాటి కథలు నారాయణఖేడ్ లాంటి ఊరికి పనికొస్తాయి.

బజారు ఒక్క రోజులో పడిపోదు. ముందు ఆఫీసులు కదులుతాయి. తెలంగాణలో కొత్తగా కట్టిన సమీకృత కలెక్టరేట్లలో చాలావరకు ఊళ్లకు దూరంగానే ఉన్నాయి. 2021 జూన్‌లో మొదలైన సిద్దిపేట కలెక్టరేట్ ఊళ్లో లేదు, దుద్దెడ దగ్గర ఉంది. అన్ని శాఖలూ ఒకే కప్పు కింద ఉండటం జనానికి మేలే. కానీ ఆఫీసు కదిలితే దాని వెంట జిరాక్స్ సెంటర్లు, దస్తావేజు రాసేవాళ్లు, టీ కొట్లు, భోజనం హోటళ్లు కూడా కదులుతాయి. పని మీద వచ్చి, పనిలో పనిగా కిరాణం కట్టించుకుని పోయే మనిషి ఇక బజారుకు రాడు. తర్వాత బండి ఆపే చోటు దొరకడం లేదని ఊరి బయట కొత్త షోరూములు వెలుస్తాయి. పాత ఇళ్ల పై అంతస్తులు గోదాములవుతాయి. సాయంత్రం షట్టర్లు దించాక వీధి చీకటవుతుంది. ఆడవాళ్లు అటు రావడం మానుకుంటారు. చెత్త పోగుపడుతుంది. ఆఖరుకు అందరికీ కనిపించేది ఆ చెత్త ఒక్కటే. అందుకే బజారు బాగుచేయడమంటే ఊడ్చి రంగు వేయడమే అనుకుంటారు.

కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వీధి పడమటి భాగానికి 1960ల చివర ఇలాంటి కష్టమే వచ్చింది. అప్పటిదాకా ట్రాం బండ్లు దుకాణాల ముందు నుంచి వెళ్లేవి. భూగర్భ రైలు వచ్చాక జనం కింద నుంచే వెళ్లిపోయారు. ఊరి చుట్టూ వెలిసిన షాపింగ్ మాల్స్ మిగతా గిరాకీని లాక్కున్నాయి. అప్పుడు అక్కడి వ్యాపారులు తమ మీద తామే ఒక పన్ను వేసుకుంటామనీ, దాన్ని వసూలు చేసిపెట్టమనీ నగరపాలక సంస్థను అడిగారు. వ్యాపారుల సంఘానికి చందా ఇచ్చేవాళ్లు కొందరు, లాభం పొందేవాళ్లు అందరూ కావడం వాళ్లకు విసుగు తెప్పించింది. 1970లో చట్టం కుదిరింది. వీధిలోని ప్రతి దుకాణం వాటా ఇచ్చింది. ఆ సొమ్ముతో దీపాలు, బెంచీలు, పూల తొట్లు, పండుగ అలంకరణలు వచ్చాయి. వ్యాపార వీధిని వ్యాపారులే చట్టబద్ధంగా చూసుకునే పద్ధతి ప్రపంచంలో మొదలైంది అక్కడే అంటారు. ఇప్పుడు అలాంటి వీధులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. జాతీయ రహదారి వచ్చి వాహనం వేగం పెరిగితే, బజారు ముందు ఆగే మనిషి తగ్గిపోయే ప్రమాదం నారాయణఖేడ్‌కూ ఉంది. ఆ మాట ఇప్పుడే అనుకోవడం మంచిది.

అంత దూరం పోకుండానే, సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేటలో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది.

ఈ పేట పాత పేరు నాగన్నకుంట. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్. కీస్ హయాంలో ఇక్కడ పద్ధతిగా ఒక బస్తీ కట్టారు. అందుకు డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరే పేటకు నిలిచింది. బస్తీ నడుమ అంతకంటే చాలా పాతదైన మెట్లబావి ఉంది. 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. సుమారు 50 అడుగుల లోతు, దిగువకు దిగే రాతి మెట్లు, చుట్టూ రాతి స్తంభాల వసారాలు. నల్లా నీళ్లు ఇళ్లకు వచ్చాక బావితో పని తప్పింది. పని తప్పిన చోటికి చెత్త వచ్చింది. పగిలిన ఇటుకలు, పాత పరుపులు, ప్లాస్టిక్ సంచులు, ఇంటి మరమ్మతుల్లో మిగిలిన మట్టి దశాబ్దాల పాటు అందులో పడ్డాయి. బస్తీలో పెరిగిన పిల్లలకు అది చెత్తగుంతగానే తెలుసు. దాని కింద ఉన్న స్తంభాలను చూసినవాళ్లు ముసలివాళ్లయ్యారు.

ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ నడిపే ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఈ బావి పని ఎత్తుకుంది. రాష్ట్ర పురపాలక శాఖ, గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కలిసి వచ్చాయి. 2021లో పని మొదలైంది. వందల లారీల చెత్తా మట్టీ బయటికి పోయాయి. యంత్రం అంతటా పనికిరాదు. లోతుకు వెళ్లేకొద్దీ రాయి కదిలితే గోడ కూలే భయం ఉంటుంది కాబట్టి గంపలతో, తాళ్లతో మనుషులే తోడాలి. బావి చుట్టూ ఇళ్లున్నాయి, వాటి మురుగు కాలువలున్నాయి. మురుగు ఒక్క చుక్క దిగినా బావి మళ్లీ పాడవుతుంది. అందుకని ముందు బయటి పైపులు సరిచేసుకోవాలి, తర్వాతే లోపలి రాయి ముట్టుకోవాలి. కూలిన చోట్ల సిమెంటు కాకుండా సున్నం వాడారు. సున్నం గార పాత రాయితో కలిసి కదులుతుంది, తేమను బయటికి వదులుతుంది. సిమెంటు బిగుసుకుపోయి పక్క రాయిని పగలగొడుతుంది. పాత కట్టడాల మీద పనిచేసే మేస్త్రీలు ఈ మాటే మళ్లీ మళ్లీ చెబుతారు.

మట్టి పోయాక ఊట పైకి వచ్చింది. ఎవరూ నీళ్లు తెచ్చి పోయలేదు. భూమిలోనే ఉన్న నీటికి దారి దొరికింది. నిండితే దాదాపు 22 లక్షల లీటర్లు పట్టే బావి అది. 2022 మార్చి 27న ప్రధాని నరేంద్ర మోదీ మన్ కీ బాత్‌లో దీని గురించి చెప్పారు. అదే ఏడాది డిసెంబరు 5న అప్పటి పురపాలక మంత్రి కె. తారకరామారావు ప్రారంభించారు. పక్కనే జనం కూర్చోవడానికి చోటు, బావి చరిత్ర చెప్పే చిన్న ప్రదర్శనశాల కట్టారు.

బన్సీలాల్‌పేట నుంచి నేర్చుకోవలసింది ఒక బావి బాగుపడిందన్న విషయం కంటే పెద్దది. బస్తీ జనం సిగ్గుపడే చోటు, చుట్టాలను తీసుకొచ్చి చూపించే చోటుగా మారింది. ఇతర పేటల వాళ్లు, విద్యార్థులు, ఫొటోలు తీసుకునేవాళ్లు రావడంతో వీధి మీద మనిషి అడుగు పెరిగింది. అలాంటి చోట నీళ్ల సీసాలు, చాయ్, మిర్చీబజ్జీ అమ్ముకునే కుటుంబానికి బతుకుతెరువు దొరుకుతుంది. పేట నడుమ ఒక్క చోటు సరైనది ఎంచుకుని, దాన్ని పూర్తిగా బాగుచేస్తే, చుట్టుపక్కల వీధులకు దాని ప్రభావం దానంతటదే పాకుతుంది. పది చోట్ల పది బెంచీలు వేసి వదిలేస్తే ఇలా జరగదు.

హైదరాబాద్‌లోనే మొజంజాహీ మార్కెట్ కథ వేరే దారిలో నడిచింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచాక, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. దానికి అధ్యక్షుడిగా పనిచేసిన ఆయన రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో ఈ మార్కెట్ వెలిసింది. గ్రానైటు రాతి గోడలు, మూలన గడియారం బురుజు, లోపల ఖాళీ మైదానం. పండ్లు, పూలు, అత్తరు, ఎండుఫలాలు, ఐస్‌క్రీమ్. ఎదురుగా 1953లో కరాచీ బేకరీ మొదటి దుకాణం వచ్చింది. కాలం గడిచేకొద్దీ పండ్ల వ్యాపారం కొత్తపేటకు, పూల వ్యాపారం గుడిమల్కాపూర్‌కు తరలిపోయాయి. పైకప్పు కారసాగింది. రేకుల షెడ్లు, హోర్డింగులు, వేలాడే కరెంటు తీగలు రాయిని కప్పేశాయి.

2018 ఆరంభంలో పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శిగా ఉన్న అరవింద్ కుమార్ ఈ మార్కెట్‌ను దత్తత తీసుకున్నారు. రేకులు తీశారు, తీగలు సర్దారు, కప్పు మరమ్మతు చేశారు, రాయి కడిగారు. 2020 ఆగస్టులో మార్కెట్ కొత్త మెరుపుతో తెరుచుకుంది. ఇది ప్రభుత్వం నడిపించిన పని, నిజమే. అయినా మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. పాత దుకాణాలు అక్కడే ఉన్నాయి. బాగుచేసే పేరుతో పాతవాళ్లను పంపేసి పెద్ద కంపెనీల కాఫీ షాపులకు ఇచ్చివేసే దారి దేశంలో చాలాచోట్ల తొక్కారు. ఇక్కడ మాత్రం చేత్తో చేసే ఐస్‌క్రీమ్ అమ్మే పాత దుకాణాల ముందే ఇప్పటికీ సాయంత్రం జనం మూగుతారు. సీతాఫలం కాలంలో గింజలు తీసిన గుజ్జు, మామిడి కాలంలో పండు ముక్కలు కలిపిన ఐస్‌క్రీమ్ చిన్న ప్లేటులో పెట్టి ఇస్తారు. మైదానంలో కుర్చీలు లాక్కుని కుటుంబాలు కుటుంబాలుగా తింటారు. రాయి కడిగినందుకు మెరిసింది, మనుషులు ఉన్నందుకు బతికింది.

బజారు బాగుచేసే ప్రయత్నాలు ఎక్కువగా తప్పటడుగు వేసేది తోపుడుబండ్ల దగ్గరే. అడ్డం ఉన్నారని ముందు వాళ్లను లేపేస్తారు. కూరగాయల గంప పెట్టుకున్న ముసలమ్మ, అరటిపండ్ల బండి, చెప్పులు కుట్టే మనిషి వెళ్లిపోతే వీధి వెడల్పయి కనిపిస్తుంది. ఆ వెడల్పులో నడిచేవాళ్లు మాత్రం తగ్గుతారు. అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో నగరాల మీద రాసిన పుస్తకంలో గట్టిగా చెప్పింది ఇదే. వీధిని క్షేమంగా ఉంచేది పోలీసుల కంటే ముందు అక్కడ పొద్దంతా కూర్చుని చూస్తుండే మనుషులు. రాత్రి పది గంటలకు బస్సు దిగిన ఆడపిల్లకు ధైర్యం ఇచ్చేది మూసిన షోరూము అద్దం కాదు, ఇంకా వెలుగుతున్న ఇడ్లీ బండి.

మన చట్టం కూడా ఈ మాట ఒప్పుకుంది. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే కావాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలి. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇవ్వకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం మొదటి విడతగా పది వేల రూపాయల అప్పు ఇచ్చి, తీర్చినవాళ్లకు పెద్ద మొత్తాలు ఇచ్చేలా ఏర్పాటు చేసింది. కమిటీ కాగితం మీద ఉంటే చాలదు. బండ్లు ఎక్కడ ఆగాలో, ఏ వేళకు దారి వదలాలో వాళ్లతో కూర్చుని ఒప్పందం చేసుకుంటే తగవు సగం తీరుతుంది. ఊరి నడుమ బాగు కోరే ఏ సంఘమైనా మొదట ఈ కమిటీ తలుపు తట్టాలి.

ఇక అసలు ప్రశ్న. ఇదంతా ఎవరు చేయాలి?

అమెరికాలో చారిత్రక కట్టడాల రక్షణ కోసం పనిచేసే జాతీయ ట్రస్టు ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ 1977లో మూడు చిన్న ఊళ్లను ఎంచుకుంది. ఇలినాయ్‌లో గేల్స్‌బర్గ్, ఇండియానాలో మాడిసన్, సౌత్ డకోటాలో హాట్ స్ప్రింగ్స్. మేరీ మీన్స్ అనే ఆమె ఈ పని నడిపించింది. ప్రతి ఊళ్లోనూ బజారు పని తప్ప వేరే పని లేని ఒక మనిషిని జీతం ఇచ్చి పెట్టారు. ఆ మనిషి పొద్దున్నే వీధి వెంట నడుస్తాడు. ఏ దుకాణం మూతపడుతోంది, ఏ ఇంటి యజమాని అద్దెకివ్వడానికి సిద్ధంగా ఉన్నాడు, ఏ బ్యాంకు అప్పిస్తుంది, పండుగకు ఏం చేద్దాం అని అందరినీ కలుపుతాడు. పాత భవనాల రూపు కాపాడుకోవడం, అందరినీ ఒక సంఘంగా కట్టడం, జనాన్ని రప్పించే వేడుకలు, వ్యాపారాల బలం. ఈ నాలుగూ కలిసి నడవాలని తేలింది. 1980 నాటికి అది దేశవ్యాప్త కార్యక్రమమైంది. ఆ మూడు ఊళ్లూ మహానగరాలేమీ కావు. నారాయణఖేడ్ లాంటి చిన్న పట్నాలే.

జీతానికి పెట్టిన ఆ మనిషి చేసిన పనిని మన దగ్గర చాలావరకు, పట్టణాల్లో పేదరిక నిర్మూలన కోసం పనిచేసే మెప్మా కింది సంఘాల ఆడవాళ్లు చేయగలరు. అందుకు సాక్ష్యం పాత మెదక్ జిల్లాలోనే ఉంది. నారాయణఖేడ్, సిద్దిపేట రెండూ 2016 దాకా ఒకే జిల్లావి. సిద్దిపేటలో విందులకు ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు వాడకుండా వార్డుల్లో స్టీల్ బ్యాంకులు పెట్టారు. పెళ్లికో పుట్టినరోజుకో స్టీలు సామాను తీసుకెళ్లి, కడిగి తిరిగి ఇచ్చేయాలి. సామాను పోకుండా లెక్క చూసేది, సొట్ట పడితే అడిగేది సంఘం ఆడవాళ్లే. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం, ఎరువు చేయడం నేర్పడానికి స్వచ్ఛబడి పెట్టారు. బెంగళూరులో అలాంటి బడి చూసి వచ్చి ఇక్కడ కట్టుకున్నారు. కోమటి చెరువు కట్టను జనం నడిచే చోటుగా తీర్చిదిద్దారు. సాయంత్రమైతే పిల్లలు, ముసలివాళ్లు అటే పోతారు. పట్నంలో డబ్బు ఖర్చు చేయకుండా కాసేపు కూర్చునే చోటు లేకపోతే, బజారుకు వచ్చే జనం పని కాగానే వెళ్లిపోతారు. కూర్చునే చోటుంటే నిలుస్తారు. నిలిచినవాళ్లే ఏదైనా కొంటారు, తింటారు, మాట్లాడుకుంటారు.

నారాయణఖేడ్‌కు సంఘం కొత్తగా పుట్టించవలసిన అవసరం కూడా లేదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది. యువకులది ఒకటి, మహిళలది ఒకటి, పెద్దవాళ్లది ఒకటి, ఊరి ప్రముఖులది ఒకటి. ఒక్కో దాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలని కూడా అదే చట్టం చెప్పింది. బజారు ఉన్న వార్డుల కమిటీలు, వ్యాపారుల సంఘం, వెండింగ్ కమిటీ, ఆటో డ్రైవర్లు, ఆర్టీసీ డిపో వాళ్లు ఒక్కసారి ఒకే గదిలో కూర్చుంటే ఆ బలం చిన్నదేమీ కాదు.

వాళ్లు మొదట చేయవలసింది ఒక నడక. తలమీద మూటతో తండా నుంచి వచ్చిన ఆడమనిషి బస్టాండ్‌లో దిగి, బజారులో పని ముగించుకుని, మళ్లీ బస్సెక్కేదాకా ఏ దారిన నడుస్తుందో ఆమె వెంట నడవాలి. దారిలో ఎన్ని చోట్ల నీడ ఉంది, ఎక్కడ తాగే నీళ్లు దొరుకుతాయి, శుభ్రమైన మరుగుదొడ్డి ఎంత దూరం, బిడ్డకు పాలివ్వడానికి కూర్చునే చోటుందా, మోరీ మీద పలక విరిగి ఉందా. ఈ ఐదు సంగతులు రాసుకుంటే, సుందరీకరణ పేరుతో వేసే రంగుల ఫౌంటెన్ కంటే ముందు ఏది కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎర్రటి ఎండలో గంట సేపు బస్సు కోసం నిలబడే మనిషికి ఒక వేపచెట్టు నీడ, ఒక రాతి అరుగు ఇవ్వగలిగితే ఆ బజారు సగం గెలిచినట్టే. మార్కెట్ యార్డుకు కందులు తెచ్చిన రైతు సైతం డబ్బు చేతికందాక అక్కడే తిరుగుతాడు. ఎండలో నిలబెడితే మాత్రం దొరికిన మొదటి ఆటో ఎక్కి ఊరికి పోతాడు.

ఆ తర్వాత చూసి నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. పొరుగున కామారెడ్డి జిల్లా లింగంపేటలో నాగన్న బావి ఉంది. బన్సీలాల్‌పేటలో పనిచేసిన సంస్థే ఈ మెట్లబావి పునరుద్ధరణలోనూ పాలుపంచుకుంది. అదే జిల్లాలోని దోమకొండ కోట 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో మెరిట్ అవార్డు అందుకుంది. సిద్దిపేటలో స్టీల్ బ్యాంకు లెక్కలు చూసే ఆడవాళ్లు ఉన్నారు. నారాయణఖేడ్ బజారు వాళ్లు, సంఘాల ఆడవాళ్లు, నలుగురు కౌన్సిలర్లు కలిసి ఒక ఆదివారం బస్సు మాట్లాడుకుంటే లింగంపేట, దోమకొండ చూసుకుని, సిద్దిపేటలో స్వచ్ఛబడి దాకా వెళ్లి రావచ్చు. అడగవలసిన ప్రశ్నలు ముందే రాసి పెట్టుకోవాలి. మురుగు పైపు ఎవరు కదిపారు, డబ్బు ఏ ఖాతాలోంచి వచ్చింది, చుట్టుపక్కల ఇళ్ల వాళ్లను ఎలా ఒప్పించారు, ప్రారంభోత్సవం అయిన మర్నాటి నుంచి ఊడ్చేది ఎవరు, వాళ్లకు జీతం ఇచ్చేది ఎవరు.